ఉగాదికి కుట్టిన పుస్తకం

గోడమీది ఆ రెండో గడియారం పాడవలేదు తల్లీ. మొన్న వీడియో కాల్‌లో చూసి అడిగావు కదా, ఒకటి సరిగ్గా నడుస్తుంటే ఇంకోటి ఐదున్నర గంటలు వెనక ఎందుకుందని. అది తాతయ్య పెట్టుకున్నది. ఉపగ్రహాలను గమనించేవాళ్ళు ఏ దేశంలో ఉన్నా అందరూ ఒకే టైము వాడుకుంటారట. మన నర్సీపట్నంలో మధ్యాహ్నం పన్నెండైతే ఆ గడియారంలో ఉదయం ఆరున్నర. అంతకంటే వింతేమీ లేదు.

ఆవేళ నీకు ఇంత చెప్పి ఫోను పెట్టేశాను. పెట్టాక కుదురుగా కూచోలేకపోయాను. తాతయ్య ఉపగ్రహాల కూతలు వినేవారని నీకూ తమ్ముడికీ తెలుసు. ఆఖరి ఆరు నెలల్లో ఏం జరిగిందో మాత్రం మీకెవరూ చెప్పలేదు. మీ అమ్మకి సగం తెలుసు. మొత్తం తెలిసింది నాకూ, తాతయ్య అక్కకీ. ఆవిడ చెప్పదు. నేను ఫోనులో చెప్పలేను. అందుకని రాస్తున్నాను. నువ్వు చదివి, తమ్ముడికి ఎంత చెప్పాలో అంతే చెప్పు.

తాతయ్య ఉద్యోగంలో చేరింది తంతి ఆఫీసులో. ఇప్పుడు మీకు టెలిగ్రాం అంటే ఏమిటో తెలియదు. వైర్లలో టక టకమని శబ్దం వచ్చేది. పొట్టి శబ్దం చుక్క, పొడుగు శబ్దం గీత. ఆ చుక్కలూ గీతలూ కలిస్తే అక్షరాలు. తాతయ్య వింటూ వింటూనే కాయితం మీద రాసేసేవారు. చావు కబుర్లు ఎక్కువ రాశానని అనేవారు. తర్వాత ఫోన్లొచ్చాయి, ఆయన్ని టెలిఫోన్ల వైపు మార్చారు, రిటైరయ్యారు. చెవుల్లో మాత్రం ఆ టక టకలు పోలేదు. కంచం ముందు కూచున్నా చూపుడువేలుతో పీటమీద కొడుతుండేవారు.

రిటైరయ్యాక ఆయనకి ఆ సాఫ్ట్‌వేరు దొరికింది. ఏ ఉపగ్రహం ఇప్పుడెక్కడుందో, మన ఊరిమీదికి ఎన్నింటికొస్తుందో, ఎటునుంచి ఎటు పోతుందో లెక్కగట్టి చూపిస్తుంది. ఎవరో ఊరూ పేరూ తెలియనివాళ్ళు రాసి లోకానికి ఊరికే ఇచ్చేశారు. లోపల ఎలా రాశారో తెరిచి చూసుకోవచ్చు, మనకి చేతనైతే మార్చుకోవచ్చు. అది చూసి తాతయ్య చిన్నపిల్లాడిలా మురిసిపోయారు.

"మా ఆఫీసులో మిషను మూత తీస్తే మెమో ఇచ్చీవోరే. ఇక్కడ సూడు, అసలు మూతే నేదు!" అన్నారు.

"మూత లేకపోతే దుమ్ము పడదా?" అన్నాను నేను.

"లెక్కల టీచరువి, నీకీ ఎటకారాలెందుకే?"

అవును, నేను ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఈ కథలో అది ముఖ్యం, గుర్తుపెట్టుకో.

ఆ సాఫ్ట్‌వేరులో మాటలన్నీ ఇంగ్లీషులో ఉంటే, వాటిని తెలుగు చేసి పంపుతానని ఆయన పూనుకున్నారు. అలా ఎవరైనా చేసి పంపొచ్చట. ఉపగ్రహం మనకి కనబడే పరిధిలోకి వచ్చే టైముకి "ఉదయం" అని పెట్టారు. పోయే టైముకి "అస్తమయం". సరిగ్గా నెత్తిమీదుంటే "నడినెత్తి". పంచాంగంలో ఉన్నట్టే ఉన్నాయండీ అని నేను మెచ్చుకున్నాను. సగం మాటలే తెలుగయ్యాయి, మిగతా సగం ఇంగ్లీషులోనే ఉండిపోయాయి.

వినే సంగతికొస్తే, మేడమీద అల్యూమినియం కడ్డీలు వంచి ఏంటెన్నా కట్టారు. దాని వైరు వరండాలోకి దించి రిసీవరుకి తగిలించారు. అన్ని ఉపగ్రహాల్లోకీ ఆయనకి ఒక్కటంటే ప్రాణం. అది ఏదో కాలేజీ పిల్లలు తయారుచేసిన చిన్న పెట్టె, మన పోపుల డబ్బా కంటే కొంచెం పెద్దది. అది తన పేరునీ, ఒంట్లో బేటరీ ఎంతుందన్న సంగతినీ చుక్కలూ గీతలుగా కూస్తూ తిరిగేది. ఎవరికి వినబడినా మాకు రాసి పంపండని ఆ పిల్లలు అడిగారు. తాతయ్య విని, రాసి, పంపేవారు. వాళ్ళు విన్నవాళ్ళ ఊళ్ళ జాబితా పెడితే అందులో నర్సీపట్నం అని ఉండేది. ఆవేళ రావికమతంలో ఉన్న అక్కకి కూడా ఫోను చేసి చెప్పారు.

ఇంకో సంగతి. నాకు ఆ కూత ఒక్కసారి కూడా వినబడలేదు. వయసుతోపాటు సన్నటి శబ్దాలు నా చెవికి అందడం మానేశాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే నాకు చేటలో బియ్యం చెరుగుతున్నట్టు హోరు మాత్రం వినిపించేది. "అదిగో, అదిగో" అనేవారాయన. నేను తలూపేదాన్ని.

ప్రతి సోమవారం కాఫీ తాగాక ఆయన కంప్యూటరు ముందు కూచుని ఒక మీట నొక్కేవారు. తెరమీద ఒక గీత నిండేది.

"ఏంటండీ అది?"

"కొత్త లెక్కలు దింపతన్నానే."

నా ఫోను కూడా వారానికోసారి ఏదో కొత్తది దింపుకోమని అడుగుతుంది. దింపుకోకపోయినా నడుస్తూనే ఉంటుంది. అలాంటిదే అనుకున్నాను. ఇంకో మాట అడగలేదు.

శివరాత్రి ముందు బుధవారం పొద్దున ఆయన స్నానాల గదిలో పడిపోయారు. విశాఖలో మూడు వారాలుంచారు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట పూర్తిగా పోయింది. డాక్టరుగారు నాకు బొమ్మ గీసి మరీ చెప్పారు. "మాట పుట్టే చోట దెబ్బ తగిలిందమ్మా. చెవి పనిచేస్తోంది. ఎడంచెయ్యి పనిచేస్తోంది. విన్నది ఎంత అర్థమవుతోందో మాత్రం చెప్పలేను. అవును కాదు కూడా నమ్మకండి, రెండిటికీ తలూపేస్తారు."

నిజమే. అన్నం పెట్టనా అంటే తలూపేవారు. వద్దా అంటే అలాగే తలూపేవారు.

ఇంటికి తీసుకొచ్చాక సాయానికి రావికమతంనుంచి తాతయ్య అక్క వచ్చింది. మీ అమ్మ పెద్దత్త అంటుందే, ఆవిడ. డెబ్బై ఎనిమిదేళ్ళయినా జీడితోటలో ఒంగి గింజలేరే మనిషి. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. తన తమ్ముణ్ణి ఒక్కర్తే లేపి కూచోబెట్టేది. కానీ ఆయన ముందే ఆయన గురించి మాట్లాడేది.

"మనిసి ఉన్నాడు గానీ లోపలెవులూ నేరే అమ్మాయ్. కళ్ళు సూడు, గాజుగోలీల్నాగ ఉన్నాయి."

"వదినా, ఆయనకి వినబడుతుంది."

"ఇనబడితే పలకడేటి? సిన్నప్పుడు నాను కేకేస్తే కోటవురట్ల కాడినుంచి పలికీవోడు."

ఆయన చూపు ఎప్పుడూ వరండాలో రిసీవరు మీదుండేది. ఒకరోజు పొద్దున నేను కంప్యూటరు వేసి ఆ చిన్న పెట్టె ఎన్నింటికొస్తుందో చూశాను. ఉదయం: ఏడూ పది. ఆయన్ని చక్రాల కుర్చీలో వరండాలోకి తెచ్చి, చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టి, రిసీవరు వేశాను. రెండు మూడు నిమిషాలు గడిచాయి. ఎడంచేతి చూపుడువేలు కుర్చీ చెక్కమీద కదిలింది. టక. టక టక. టక.

నేను వంటింట్లోంచి పలకా బలపం తెచ్చుకుని పక్కన కూచున్నాను. పొట్టిగా కొడితే చుక్క, కొట్టి వేలు అక్కడే ఆపితే గీత. మధ్యలో ఆయనే చెయ్యి చాచి రిసీవరు నాబ్ కొంచెం తిప్పుకున్నారు, మళ్ళీ కొట్టారు. తర్వాత అక్షరాల పట్టీ ముందేసుకుని పోల్చి చూస్తే అది ఆ ఉపగ్రహం పేరే. అక్షరం పోలేదు.

డాక్టరుగారికి ఫోను చేస్తే సంతోషించారు. విన్నదాన్ని తిరిగి కొట్టగలుగుతున్నారు గానీ సొంతంగా మాట కూర్చి కొట్టలేకపోవచ్చు, ఆశ ఎక్కువ పెంచుకోకండి అన్నారు. నేను పరీక్షించాను కూడా. మీ పేరు కొట్టండి అంటే వేలు కదలలేదు. వినబడితేనే కదిలేది.

నాకదే చాలు అనిపించింది. మర్నాడు సాయంత్రం వదినని పక్కన కూచోబెట్టి చూపించాను. ఆయన కొట్టడం, నేను రాయడం, పట్టీలో అక్షరాలు దొరకడం. ఆవిడ నోరు తెరుచుకుని చూసింది.

"ఓలమ్మ! ఆకాశంలోది ఈడికెలా తెలస్తంది?"

"ఆయనకి వినిపిస్తోంది వదినా. విని కొడుతున్నారు."

ఆవిడ కుర్చీ ముందు చతికిలబడి తమ్ముడి మోకాళ్ళు పట్టుకుని ఏడ్చింది. "ఉన్నావేట్రా నాయనా! ఉండి కూడా పలకవేట్రా!" అని. ఆ రోజునుంచి ఆయనతో మాట్లాడడం మొదలుపెట్టింది. తోటలో పూత ఎలా ఉందో, ఎవరింట్లో ఎవరు తగువాడుకున్నారో, అన్నీ. ఇంటికి చూడవచ్చినవాళ్ళని కూడా "ఆడితోటే మాటాడండి, నాతో కాదు" అని కసిరేది. ఆయన అన్నం సరిగ్గా తినేవారు. కసరత్తు చేయించడానికి వచ్చే అమ్మాయికి కాలు అందించేవారు. ఆ వేలు కదిలినంతకాలం ఆ ఇంట్లో ఆయన మనిషి. అర్థమైంది కదా తల్లీ, ఆ వేలుమీద ఎంత ఆధారపడి ఉందో.

ఇప్పుడు నేను చేసిన పని చెబుతాను.

ఉగాది దగ్గరపడింది. ఎండలు, కరెంటు కోతలు. రిసీవరుకి బేటరీ ఉంది గానీ, ఎప్పుడు కంప్యూటరు వేద్దామన్నా కరెంటుండేది కాదు. ఆయన స్నానం, మందులు, కసరత్తు అన్నీ ఆ పెట్టె వచ్చే వేళకి ముందో వెనకో సర్దాలి. ఆ సాఫ్ట్‌వేరులో ఇన్ని రోజులకి కావాలి అని అడిగితే అన్ని రోజుల టైములూ వరసగా ఇచ్చేస్తుంది. నేను ఉగాదినుంచి ఉగాదికి అడిగాను. ఇచ్చింది. ఏడాదికి అడిగినా మొహం చిట్లించలేదు. ఉదయం, అస్తమయం, నడినెత్తి, తాతయ్య పెట్టిన మాటలతోనే పేజీలకి పేజీలు వచ్చాయి.

పెన్‌డ్రైవులో పట్టుకెళ్ళి బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో అచ్చు తీయించాను. షాపతను కాయితాలు తిరగేసి, "ఏటి మేడమ్ ఇయ్యి, రైలు టైములా?" అన్నాడు.

"అలాంటివే బాబూ."

ఇంటికొచ్చి ట్వైను దారంతో కుట్టాను. అట్ట వేశాను. పండగరోజు పొద్దున కొత్త పంచాంగంతోపాటు దాని నాలుగు మూలలకీ పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టాను. వదిన కూడా దండం పెట్టుకుంది.

నేను లెక్కల టీచర్ని. గ్రహణం ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు విడుస్తుందో ఏడాది ముందే పంచాంగంలో వేస్తారని, ఆ టైముకి పడే తీరుతుందని, అదీ లెక్కంటే అని, ఎన్నేళ్ళు ఎన్ని క్లాసుల పిల్లలకి చెప్పానో. చందమామకి పనికొచ్చే లెక్క ఈ పోపుల డబ్బాకి పనికిరాదని నాకు తట్టలేదు. చందమామకి గాలి తగలదు. కిందుగా తిరిగే ఈ చిన్నవాటికి పలచటి గాలి తగులుతూనే ఉంటుంది. ఎంత తగులుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. తగిలినకొద్దీ కిందికి దిగుతాయి. దిగినకొద్దీ వేగం పెరుగుతుంది, చుట్టు త్వరగా తిరిగేస్తాయి, చెప్పిన టైముకంటే ముందే వచ్చి పోతాయి. ఆ తేడా దిద్దుకోవడానికే తాతయ్య ప్రతి సోమవారం కొత్త లెక్కలు దింపుకునేవారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

పుస్తకం చేతికొచ్చాక కంప్యూటరు వేయడం మానేశాను. దానిమీద గుడ్డ కప్పాను.

మొదట్లో ఏమీ తెలియలేదు. పుస్తకంలో టైముకి ఐదు నిమిషాల ముందే రిసీవరు వేసి ఉంచేదాన్ని. చైత్రంలో ఆయన వేలు ఎనిమిది తొమ్మిది నిమిషాలు ఆడేది. వైశాఖంలో ఐదు నిమిషాలైంది. అప్పటికి ఇయర్‌ఫోన్లు పెట్టీ పెట్టకముందే వేలు మొదలైపోయేది. ఆత్రం పెరిగిందనుకుని నేను సంతోషపడ్డాను కూడా. తర్వాత రెండు నిమిషాలు. తర్వాత ఏ రెండుమూడు రోజులకో ఒకసారి నాలుగు చుక్కలు.

జ్యేష్ఠంలో ఒక పొద్దున వేలు అసలు కదలలేదు. ఆ సాయంత్రం కూడా. మర్నాడూ అంతే.

నేను పుస్తకం చూశాను. టైము సరిగ్గా ఉంది. గడియారం చూశాను. సరిగ్గానే ఉంది. వైరు ఊడిందేమోనని వదిన మేడెక్కి లాగి చూసొచ్చింది. "కడ్డీలన్నీ గట్టిగానే ఉన్నాయే. లోటు అందులో నేదు" అంది. ఎందులో ఉందో అనలేదు. నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. హోరు. నాకెప్పుడూ హోరే కదా. అందులో కూత లేదని నాకెలా తెలుస్తుంది?

డాక్టరుగారు ఇలా జరగొచ్చని ముందే అన్నారు. మళ్ళీ చిన్న దెబ్బలు తగులుతుంటాయి, పైకి తెలియవు, ఉన్నది కొంచెం కొంచెంగా పోతుంది అన్నారు. నేను ఆ మాట నమ్మాను. పుస్తకం తప్పు చెబుతోందని అనుకోలేదు, ఆయన తగ్గిపోతున్నారనుకున్నాను.

అయినా మానలేదు. రోజుకి రెండుసార్లు కుర్చీ తెచ్చి పెట్టడం, ఇయర్‌ఫోన్లు తగిలించడం, పలక పట్టుకుని కూచోవడం. ఆయన ముందుకు వంగి శ్రద్ధగా వినేవారు. నుదుటిమీద గీతలు పడేవి. పది నిమిషాలయ్యాక నేను తీసేసేదాన్ని. "వినబడలేదా అండీ?" అంటే తలూపేవారు. "వినబడిందా?" అంటే తలూపేవారు.

ఒకరోజు ఆయనే ఎడంచేత్తో ఇయర్‌ఫోన్లు లాగి పారేసి, గదివైపు చెయ్యి చూపించారు. రెండుసార్లు చూపించారు. అలిసిపోయారనుకుని తీసుకెళ్ళి మంచంమీద పడుకోబెట్టాను. పడుకోబెట్టాక కూడా చెయ్యి గాల్లోనే ఉంది. నేను దాన్ని పట్టుకుని దించి, దుప్పటి కప్పాను. గదిలో మంచమూ ఉంది, గుడ్డ కప్పిన కంప్యూటరూ ఉంది. నాకు మంచమే కనబడింది.

ఆషాఢం వచ్చింది. చింతపల్లి కొండలవైపునుంచి మబ్బులు దిగి రోజూ ముసురు. వదిన ఆయనతో మాట్లాడడం తగ్గించేసింది. తగ్గించానని ఆవిడకే తెలియదు. మళ్ళీ ఆయన ముందే ఆయన గురించి మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం నేను అన్నం తినిపిస్తున్నాను, ఆయన నోరు బిగించేశారు. వదిన గుమ్మంలో కూచుని చింతకాయలు కొడుతోంది.

"ఎన్నాళ్ళే ఇలాగ? నువ్వు అరిగిపోతన్నావు. ఉపమాక ఎంకన్నకి మొక్కుకున్నాను, ఆడికి నయం సెయ్యమని కాదు. బేగి తీసుకెల్పొమ్మని."

"వదినా!"

"ఏటే వదినా? ఆడికేటి ఇనిపిస్తది గనక? ఆ కూతే ఇనిపించనోడికి నా కూత ఇనిపిస్తదా?"

ఆయన కళ్ళు గోడవైపున్నాయి. ఆ రోజునుంచి కసరత్తు అమ్మాయికి కాలు అందించడం మానేశారు. నోట్లో పెట్టింది మింగకుండా అలా ఉంచుకునేవారు. బతిమాలితే సగం లోపలికి, సగం కొంగులోకి.

వారం తర్వాత, గురువారం పొద్దున. పుస్తకం ప్రకారం ఏడూ ఇరవైకి రావాలి. ఆయన్ని ఇంకా మంచంమీదనుంచి లేపలేదు, నేను వంటింట్లో జావ కాస్తున్నాను. ఏడు కూడా కాలేదు. వదిన వరండా తుడుస్తుంటే తడిగుడ్డ తగిలి రిసీవరు స్విచ్చి పడిందట. ఊరికే వేళాకోళానికి ఇయర్‌ఫోన్లు చెవులకి పెట్టుకుంది.

"ఒసే అమ్మాయ్! ఇందులో పిట్ట దూరిందేటే?"

"పిట్టేంటి వదినా?"

"కీసు కీసుమని కూస్తంది! ఓసారి పొట్టిగాన, ఓసారి పొడుగ్గాన. ఇదేటి, నాకు ఇనిపిస్తంది!"

నేను జావ గరిటె చేత్తోనే వచ్చాను. "కొట్టు వదినా. ఎలా వినిపిస్తే అలా చెక్కమీద కొట్టు" అన్నాను. ఆవిడ కొట్టింది. ఆ తుడిచిన నేలమీద కూచుని, ఆ మొరటు వేలితో. చుక్క, గీత, చుక్క, చుక్క. నేను పట్టీ చూడనక్కర్లేకపోయింది. ఆ పేరు నాకు కంఠతా వచ్చు.

గోడ గడియారం ఏడుకి ఆరు నిమిషాలు తక్కువ. పుస్తకంలో ఏడూ ఇరవై.

లోపలికెళ్ళి కంప్యూటరు మీది గుడ్డ తీశాను. తెరమీద మొట్టమొదటే, ఉగాదికి ముందు ఎప్పుడూ రానిది, ఎర్ర అక్షరాలతో ఒక చిన్న వాక్యం వచ్చింది. తాతయ్య ఇంకా తెలుగు చెయ్యని సగంలోది. మీ లెక్కలు నూట నలభై మూడు రోజుల పాతవి అని. నేను వేళ్ళమీద వెనక్కి లెక్కపెట్టాను. ఆయన పడిపోవడానికి రెండు రోజుల ముందు సోమవారం. ఆయన చేత్తో ఆఖరిసారి దింపినవి.

మీట నొక్కాను. గీత నిండింది. టైములన్నీ మారిపోయాయి.

నా వెనక వదిన నిలబడి ఉంది. "ఏటైందే?" అంది. చెప్పాను. ఆవిడకి ఉపగ్రహాల సంగతి అర్థం కాలేదు, మిగతాది అర్థమైంది. తర్వాత మెల్లిగా అడిగింది, "అయితే ఆడు బాగానే ఉన్నాడా, అన్నాళ్ళూ?"

"తెలీదు వదినా."

"నానన్న మాటిన్నాడేటే?"

దానికి కూడా తెలీదనే అన్నాను. ఆవిడ వెళ్ళి పెరట్లో కూచుంది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నువ్వు కూడా ఆవిడ దగ్గర ఎత్తకు.

ఆ సాయంత్రం కొత్త టైముకి ఆయన్ని వరండాలోకి తెచ్చాం. ముందు వదిన పెట్టుకుని విన్నది. "ఒచ్చింది, ఒచ్చింది" అని తీసి ఆయన చెవులకి పెట్టింది. నేను పలక పట్టుకున్నాను. ఆయన ముందుకు వంగలేదు. వేలు చెక్కమీద అలాగే ఉంది. పూర్తిగా తొమ్మిది నిమిషాలు ఆ పెట్టె మా ఇంటిమీదుగా కూస్తూ పోయింది. వదిన మధ్య మధ్యలో ఒకవైపు తీసి తన చెవికి ఆనించుకుని, ఉంది, ఇంకా ఉంది అంటూనే ఉంది. వేలు కదలలేదు.

పదకొండు రోజులు అలా పెట్టాం. అన్నీ సరైన టైములే. ఒక్క చుక్క కూడా కొట్టలేదు. అప్పటికి నిజంగానే వినబడడం పోయిందో, వినబడినా ఇంక కొట్టక్కర్లేదనుకున్నారో. డాక్టరుగారొచ్చి చూసి, తిండి లేక నీరసం ముదిరింది, ఏ కారణమని చెప్పలేను అన్నారు. శ్రావణమాసం రెండో శుక్రవారం పొద్దున పోయారు. మీరంతా వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆ పెట్టె ఆ తర్వాత ఐదు వారాలు తిరిగింది. కాలిపోయిందని కాలేజీ పిల్లలు మెయిలు పెట్టారు. ఇన్నాళ్ళూ విన్నందుకు అందరికీ కృతజ్ఞతలన్నారు. నేను జవాబు రాయలేదు.

మీ అమ్మకి తెలిసింది పుస్తకం తప్పని మాత్రమే. "నీ తప్పేముందమ్మా, ఎవరైనా అలాగే అనుకుంటారు" అంటుంది. ఎవరైనా అనుకుంటారేమో. అనుకున్నది మాత్రం నేను.

ఆ పదకొండు రోజుల్లో ఒక పొద్దున ఇయర్‌ఫోన్లు తీసేశాక ఆయన ముందు నేలమీద కూచున్నాను. వదిన ఇంట్లో లేదు, మందుల షాపుకి వెళ్ళింది. అంతా చెప్పాను. పుస్తకం సంగతి, ఎర్ర అక్షరాల సంగతి, సోమవారం మీట సంగతి. క్లాసులో తప్పు చేసిన పిల్లలా చెప్పాను. ఆయన నా మొహంలోకి చూశారు. ఆ చూపు గాజుగోలీ చూపు కాదు, అది మాత్రం నేను ఎవరిముందైనా చెబుతాను. అప్పుడు అడిగాను. తలూపారు. మళ్ళీ తిరగేసి అడిగాను. మళ్ళీ తలూపారు. ఆ తర్వాత ఫొటో ముందు కూడా అడిగాను, ఎన్నిసార్లో లెక్కలేదు.

ఏవండీ, ఆ టైములు పాతబడ్డాయని మీకు కూత తప్పిన మొదటి వారంలోనే తెలిసి నాకోసం రోజూ రెండుపూటలా వచ్చి కూచున్నారా, లేక మీ చెవులే పోయాయని, మీరే పోయారని, మాతోపాటు మీరు కూడా నమ్మేశారా?